నల్లబండి పద్యమునకు టీకాతాత్పర్యము

కావ్యనాటకములకు వ్యాఖ్యానములు వెల్లివిరిసిన దేశమున, మల్లినాథసూరి వంటి వ్యాఖ్యాతను కన్న కొలిచెల గ్రామము మెదకు సీమలో నుండగా, నిత్యము వాకిట నిలిచి మన రాకపోకల భారమును మోయు మోటారుసైకిలు విషయమున ప్రామాణికమైన వ్యాఖ్య యొక్కటియైనను లేకుండుట భాషాభిమానులకు చింతాజనకము గనుక, ఈ క్రింది తేటగీతికి యథామతి టీక వ్రాయబడుచున్నది. పద్యకర్త యెవరో తెలియదు. వ్యాఖ్యాతయే కర్తయని కొంద రనుచున్నారు. వారికి వేఱు పని లేదు.

దుమ్ము పొడిగుడ్డతో నీవు తుడువవలదు
నీట మెల్లగాఁ గడిగించి నీడ నిలిపి
మైన మొకపొర పూయంగ మచ్చలేక
యపుడు నల్లని బండియే యద్దమగును

ప్రతిపదార్థము: నీవు = ఓ నల్లబండి యజమానుడా, నీవు; దుమ్ము = తెల్లవాఱునప్పటికి ట్యాంకుపై పేరుకొన్న ధూళిని; పొడిగుడ్డతో = సీటుక్రింద మడచి దాచుకొన్న ఆ పసుపుపచ్చని గుడ్డతో; తుడువవలదు = తుడువరాదు; నీటన్ = ధారాళమైన నీటితో; మెల్లగాన్ = ఆఫీసునకు వేళయైనదను తొందర లేక; కడిగించి = శుభ్రపఱచి; నీడన్ = కప్పుగల నీడయందు; నిలిపి = స్టాండు వేసి; మైనము = వ్యాక్సును; ఒకపొర = ఒక్క పొరగా మాత్రమే; పూయంగన్ = పూయగా; మచ్చలేక = డాగు లేక; అపుడు = పిమ్మట; నల్లని బండియే = వేఱు దర్పణము అక్కఱలేక ఆ బండియే; అద్దమగును = ముఖము చూచుకొనుటకు పనికివచ్చును.

తాత్పర్యము స్పష్టము. అయినను స్పష్టమైనదానినే విస్తరించుట వ్యాఖ్యాతృధర్మము.

విశేషములు: విధికంటె ముందు నిషేధమును చెప్పుట ఈ పద్యమునకు ప్రాణము. ఏ మైనము కొనవలెనో తెలిసికొనగోరి వచ్చినవానికి మైనము మాటయే యెత్తక, మొదటి పాదమంతయు పొడిగుడ్డను మాన్పించుటకే వెచ్చించిన కవి లోకవృత్తము నెఱిగినవాడు. నల్లబండికి ధూళివలన కలుగు హాని స్వల్పము; ధూళిని చూచి ఓర్వలేని యజమానుని ప్రేమవలన కలుగు హాని అపారము. గుడ్డక్రింద చిక్కిన ఇసుకరేణువు నడచిన మేరయంతయు సన్నని గీత పడును. ప్రతిదినము ఇట్లు సేవించిన ట్యాంకును రాత్రివేళ వీథిదీపము క్రింద నిలిపి చూచినచో, దీపబింబము చుట్టును సాలెగూడు అల్లినట్లు గీతలు కనబడును. అవి నిజముగా గుండ్రనివి కావు. అన్ని దిక్కులకును పోయిన గీతలలో వెలుగునకు అడ్డముగా నున్నవి మాత్రమే మెఱయుటచే వలయభ్రాంతి కలుగుచున్నది.

తెల్లబండికి గీతలు పడవా యని ఆక్షేపము. పడును, కనబడవు. తెల్లరంగు తనపై బడిన కాంతిని అన్నివైపులకు వెదజల్లును గనుక గీత వెదజల్లిన కాంతియు అందులోనే కలిసిపోవును. నల్లరంగు లోనికి వచ్చిన కాంతిని మ్రింగివేయును. ఎదురుగా బడిన వెలుగులో పైపొర త్రిప్పి పంపునది నూటికి సుమారు నాలుగు పాళ్లే. ఆ నాలుగు పాళ్ల తళుకే నల్లబండి సౌందర్యసర్వస్వము గావున, దానిని చెదరగొట్టు గీత యెంత సన్ననిదైనను దాగదు. ఆ తళుకు నిచ్చు పారదర్శకమైన పొరను పెయింటరులు క్లియర్ కోటందురు. దాని మందము సాధారణముగా 40, 50 మైక్రానులు. తలవెండ్రుక అంతకంటె లావు. రబ్బింగ్ కాంపౌండుతో గీతను పోగొట్టితినని మురియువాడు, నిజమునకు ఆ గీత లోతువఱకు చుట్టునున్న పొరను అరగదీసినవాడే. పైపొర లేని పాతపద్ధతి రంగునకు పాలిష్ పెట్టునపుడు గుడ్డ నల్లబడును. మురికి వదలినదని సంతసింపరాదు, వదలినది రంగు.

"కడిగించి" యనుటచే ఒరులచేత కడిగింపవచ్చునా యని శంక. కొన్ని ప్రతులలో "మెల్లగాఁ గడిగియు" అను పాఠము కలదని చెప్పుదురు. ఛందస్సునకు రెండును సరిపోవును గాని, వాటర్ సర్వీసింగు దుకాణమున ముందు బురదలారీని తోమిన స్పాంజితోనే మన బండిని తోముట చూచినవాడు రెండవ పాఠమునే మన్నించును. బకెట్లు రెండుండవలెను: ఒకటి షాంపూనీటికి, మఱొకటి గుడ్డను జాడించుటకు. బట్టల సబ్బుపొడియు, అంట్లు తోము ద్రవమును జిడ్డును వదలించునవి గావున, మొన్న పూసిన మైనమును గూడ వెంటబెట్టుకొని పోవును. బోరునీరు గల యూళ్లలో ఇంకొక చిక్కు: నీటిబొట్టు ఎండినచోట సున్నపు వలయము మిగులును, కావున తడి ఆఱకముందే మైక్రోఫైబరు గుడ్డను పఱచి అద్దవలెను. దసరానాడు ఆయుధపూజలో పెట్టిన పసుపు కుంకుమలను మఱునాడు పొడిగా రుద్దితీయుట కూడ ఈ నిషేధము క్రిందికే వచ్చును. ముందు నీరు పోసి జాఱనిచ్చినచో దేవతకును కోపము రాదు, రంగునకును గీత రాదు.

నీడ యనగా చెట్టునీడ కాదు. చెట్టుపై పక్షులుండును, వాటి రెట్టలోని ఆమ్లము ఎండవేడికి క్లియర్ కోటును తినివేయును. రెంటచింతల వేసవిలో నల్లట్యాంకుపై మైనము పూయబూనినవాని గతి చెప్పనక్కఱలేదు: పూసినది పూసినట్లే బిగిసి, తుడిచినకొలది చారలగును.

ఇక మైనము. కవి దాని కులగోత్రములు చెప్పలేదు, మనము చెప్పక తప్పదు. డబ్బాలపై ఘనముగా అచ్చువేయు కార్నౌబా యనునది బ్రెజిలు ఈశాన్యభాగమున పెరుగు ఒక తాటిజాతి వృక్షము ఆకులనుండి వచ్చును. తేనెమైనము 62, 64 డిగ్రీల సెంటీగ్రేడునకే కరగగా ఇది 82 మొదలు 86 డిగ్రీల వఱకు ఓర్చుకొనును. అందుచేతనే ఎండలో తిరుగు బండికి ఇది శ్రేష్ఠము. శుద్ధమైన కార్నౌబా గోటికి లొంగనంత గట్టిది గనుక, నూనెలును ద్రావకములును కలుపనిదే డబ్బాలోనికి రాదు. "అచ్చమైన కార్నౌబా" యను ప్రకటనను అర్థవాదముగా గ్రహించునది. దీని నిగ్గు కొన్ని వారములు నిలుచును. సీలెంటు లనబడు కృత్రిమ పాలిమరులు కొన్ని నెలలు నిలుచును. సిరామిక్ కోటింగు ఏడాదియు, అంతకు మించియు నిలుచును గాని, గీతలున్న రంగుపై దానిని వేయించినచో ఆ గీతలకే శాశ్వతత్వము సిద్ధించును. క్లీనర్ వ్యాక్సులో సన్నని ఒరపిడిపొడి కూడ నుండును గావున మాటిమాటికి వాడరాదు. వ్యాఖ్యాత మతము: సామాన్యుడు ఒరపిడి లేని కార్నౌబా పేస్టు ఒక చిన్నడబ్బా కొని, మిగిలిన ధనమును మంచి గుడ్డలకు వెచ్చించుట మేలు. పొడిగుడ్డ మానినవానికి ఏ మైనమైనను చాలును. మాననివానికి ఏ మైనమును చాలదు.

డీజిలుతో తుడిచినచో ఇంతకంటె మెఱయునుగదా యని పూర్వపక్షము. మెఱయును, సాయంకాలము వఱకు. పిమ్మట ఊరిలోని దుమ్మంతయు ఆ జిడ్డునకు అంటుకొనగా, యజమానుడు మరల పొడిగుడ్డ తీయును. పద్యము మొదటికి వచ్చును.

"ఒకపొర" యనుటలో పొదుపే కాదు, పద్ధతియు గలదు. దళసరిగా పూసినది ఆఱదు, తుడుపునకు రాదు. 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డ్ ఇండియా వెలసినది మొదలు మనవా రెఱిగిన నల్లబుల్లెట్టుకు ట్యాంకుపై చేతికుంచెతో దిద్దిన బంగరుగీత యొక అందము. ఆ గీత అంచునను, పేరుబిళ్ల సందులలోను ఇఱుకుకొన్న మైనము మఱునాటికి తెల్లని పొడియై బయటపడును. మెత్తని పాత పండ్లబ్రష్షుతో దానిని దులుపవలెను. పెట్రోలు మూతచుట్టును మైనము ఎక్కువకాలము నిలువదు. బంకులో చిందిన రెండు చుక్కలే దానిని కరగించును. అక్కడ మాత్రము తఱచు పూయుచుండవలెను. సీటు, ఫుట్‌రెస్టు, టైరు, బ్రేకుడిస్కులకు ఈ విధి వర్తింపదు. డిస్కునకు మైనము పూసినవానికి పరలోకప్రాప్తి శీఘ్రముగా కలుగు నని పెద్దలు.

అలంకారము: బండి అద్దమగుట మైనము పెట్టిన దినమున స్వభావోక్తి, రెండు వానలు కురిసిన పిదప అతిశయోక్తి.

మాట్ నలుపు బండి గలవారు ఈ పద్యమున మొదటి రెండు పాదములను మాత్రమే పాటింపవలెను. ఆ రంగుపై మైనము పూసినచో అక్కడక్కడ మెఱుగుమచ్చలు దేఱును, అవి ఒకపట్టున పోవు.