తేల్ ఆఛే?

కలకత్తా లేక్ మార్కెట్ చేపల వరుసలో ఆదివారం పొద్దున పదిమంది నిలబడితే పదిమందీ అడిగేది ఒకటే. "తేల్ ఆఛే?" నూనె ఉందా అని. ఇలిశ చేప సంగతి. మనవాళ్ల లెక్కలో అది సముద్రంలో ఉన్నంతకాలం విలస, గోదారి ఎక్కితే పులస. హుగ్లీ దారి పట్టిందంటే ఇలిశ. పుస్తెలమ్మైనా తినాలనే విషయంలో మాత్రం రాజమండ్రికీ కలకత్తాకీ పేచీ లేదు. చేపలాయన బొటనవేలితో పొట్ట నొక్కి, ఆ వేలు బల్బు కింద పెట్టి చూపిస్తాడు. వేలు మెరిస్తే బేరం మొదలు. ఇంటికి తీసుకెళ్లి వేయించి, బాండీలో మిగిలిన నూనెను వేడన్నం మీద పోసుకుని పచ్చిమిరపకాయ కొరుక్కుంటారు. ముప్పై ఏళ్ల కింద నేనీ ఊరొచ్చినప్పుడు 'దాదా' అని పిలిచిన చేపలాయన ఇప్పుడు 'కాకూ' అంటున్నాడు. ప్రశ్న మాత్రం మారలేదు.

నాకున్న జబ్బల్లా పేపరు చదివి మార్కెట్టుకి వెళ్లడం. చేప, నూనె అన్న రెండు మాటలు ఒక్కచోట వినపడితే చాలు, "ఏ నూనె?" అని అడగబోయి నాలిక కరుచుకుంటాను.

పక్క గట్టు మీద రుయి ఉంటుంది. అంటే మన శీలావతి. భీమవరం, కైకలూరు చెరువుల నుంచి ఐసు పెట్టెల్లో లారీలెక్కి హౌరాలో దిగుతుంది. దీన్ని ఇక్కడ 'చాలానీ మాఛ్' అంటారు, పైనుంచి వచ్చిన సరుకని. దీని విషయంలో బాధ్యత ఖరారు చేయడం చాలా తేలిక. కూర కుదిరితే చేప లోకల్, కుదరకపోతే ఆంధ్రా. 2018 జూలైలో ఫార్మాలిన్ గోల లేచినప్పుడు అస్సాం ప్రభుత్వం మన చేపను కొన్నాళ్లు గడప తొక్కనివ్వలేదు. చనిపోయి ఐసులో పడుకున్న చేపకు కూడా ఊరూ పేరూ ఇంటిపేరూ దొరికాయి.

సరిగ్గా దానికి నెల ముందు 'ఎస్ఎస్ఎల్ కోల్‌కతా' అనే కంటైనర్ ఓడ కృష్ణపట్నంలో బయల్దేరి కలకత్తా వస్తోంది. పేరు వీళ్లది, రేవు మనది. ఇంతకన్నా గట్టి వియ్యం ఎక్కడుంటుంది? జూన్ 13 రాత్రి, ఇంకా బంగాళాఖాతంలో ఉండగానే మంటలు లేచాయి. 22 మంది సిబ్బందినీ కోస్ట్‌గార్డ్ నౌక రాజ్‌కిరణ్ కాపాడింది. మనిషన్నవాడు లేని ఓడ, మీద నాలుగు వందలకు పైగా కంటైనర్లు, అడుగున నూనె ట్యాంకులు. కాలుతూ కాలుతూ, గాలి ఎటు తోస్తే అటు. ఆ 'అటు' ఉన్నది సుందర్‌బన్ అడవి.

మర్నాడే రష్యాలో ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ మొదలు. మా వీధిలో ఒక పక్క బ్రెజిల్ జెండాలు, ఇంకో పక్క అర్జెంటీనా జెండాలు. టీ కొట్టు దగ్గర నెయ్‌మార్ పాదంలో ఎముక అతుక్కుందా లేదా అని భద్రతామండలి స్థాయిలో చర్చ. మధ్యలో నేను ఓడ సంగతి ఎత్తాను. రేవులో గుమాస్తాగా చేసి రిటైరైన ఒక పెద్దాయన నా అజ్ఞానానికి జాలిపడి, టీ తాగుతున్న మట్టి ముంత కింద పెట్టి, వేళ్లు మడిచి చెప్పాడు. "ఓడ కంపెనీది. కంటైనర్లు పంపినవాళ్లవి. సముద్రం కేంద్రానిది. అడవి రాష్ట్రానిది. పులి యునెస్కోది."

"మరి నూనె, దాదా?"

"చిందిందా?"

"ఇంకా లేదు."

"చిందాక అడుగు, చెప్తాను," అని మళ్లీ నెయ్‌మార్ పాదం పట్టుకున్నాడు.

ఎగిసే వానాకాలం సముద్రంలో నౌకాదళం వాళ్లూ కోస్ట్‌గార్డ్ వాళ్లూ నానా తంటాలు పడ్డారు, పెద్ద ముప్పు తప్పింది. తప్పించినవాళ్లలో ఒక్కరి పేరూ ఆ టీ కొట్టులో ఎవరికీ తెలియదు. బెల్జియం జట్టు మొత్తం కంఠతా వచ్చు.

చిందాక ఏమవుతుందో పెద్దాయన నాకు చెప్పనక్కర్లేదు, నాలుగేళ్ల ముందే సుందర్‌బన్ బంగ్లాదేశ్ వైపు చూశాం. 2014 డిసెంబరు 9, తెల్లవారకముందు, పొగమంచు. మోంగ్లా దాపున శేలా నదిలో 'సదరన్ స్టార్-7' అనే ట్యాంకర్‌ను ఒక సరుకు ఓడ గుద్దింది. ట్యాంకర్‌లో సుమారు మూడున్నర లక్షల లీటర్ల ఫర్నేస్ ఆయిల్ ఉంది. అది ఐరావతి డాల్ఫిన్లకు అభయారణ్యంగా ప్రకటించిన నది. అక్కడ ఓడలకేం పని అని అడుగుతారేమో. వాటి అసలు కాలువ పూడిపోయింది. అందుకని అడవిలోంచి దారి. మా వీధిలో డ్రైనేజీ తవ్వినప్పుడు ఆటోలు పార్కులోంచి పోయినట్టే.

నూనె నల్లగా, తారులాగా, పోటుతో పైకీ పాటుతో కిందికీ పోతోంది. మడచెట్ల వేళ్లకు నల్ల మేజోళ్లు తొడిగింది. చిట్టగాంగ్ నుంచి రసాయనం మోసుకుంటూ 'కాండారి-10' అనే నౌక వచ్చింది. తీరా వచ్చాక, ఆ మందు చల్లితే నూనె పోతుందో నది పోతుందో అన్న అనుమానంతో నిలబెట్టేశారు. ఆ దేశపు నౌకాయాన మంత్రిగారు సుందర్‌బన్‌కు పెద్ద నష్టమేమీ లేదని సెలవిచ్చారు. పొగమంచు అప్పటికి నదిమీదే కాదు, ఢాకా దాకా పాకినట్టుంది.

మరి నూనె ఎవరు ఎత్తారు? ఒడ్డున ఉన్నవాళ్లు. జాలర్లు, వాళ్ల భార్యలు, బడికి పోవలసిన పిల్లలు. స్పాంజిలు, దోమతెరలు, అన్నం గిన్నెలు, పట్టుడు గుడ్డలు. మోచేతుల దాకా నలుపు, చెంపలకు నలుపు, పడవకు నలుపు. కొన్నది పద్మా ఆయిల్ కంపెనీ, లీటరుకు 30 టాకాలు. అలా అరవై వేల లీటర్లకు పైనే వచ్చిందన్నారు.

ఆ ముప్పై టాకాల దగ్గర కాస్త ఆగండి. ట్యాంకులో ఉన్నప్పుడు ఆ ద్రవం పేరు ఆస్తి. దానికి యజమాని, బిల్లు, బీమా అన్నీ ఉన్నాయి. ఏట్లో పడగానే పేరు 'ప్రమాదం'. దానికి యజమాని లేడు. ఒక పదేళ్ల పిల్లాడు గిన్నెతో ముంచి, డబ్బాలో పోసి, ఒడ్డుకి తెచ్చి కాటా దగ్గర పెట్టగానే మళ్లీ ఆస్తి. మళ్లీ కొనుగోలుదారు, రసీదు. విలస పులసయ్యే ముచ్చటలో ఉన్న సంస్కారం దీంట్లో లేదుగానీ పేరు మారడం మాత్రం అదే పద్ధతి. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అని మనం ఊరికే అనలేదు.

ఈ గుట్టు శేలా నది కనిపెట్టింది కాదు, దీనికి పెద్ద చదువులు చదివిన మేనమామలున్నారు. 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో 'డీప్‌వాటర్ హొరైజన్' పేలి 11 మంది పోయారు. బావి 87 రోజులు కక్కింది. ఆ రిగ్గు కట్టింది కొరియాలో, జెండా మార్షల్ దీవులది, సొంతదారు ట్రాన్సోషన్, అద్దెకు తీసుకున్నది బ్రిటన్‌కు చెందిన బీపీ, సిమెంటు వేసింది హాలిబర్టన్. మే నెలలో అమెరికా సెనేట్ పిలిస్తే మూడు కంపెనీల పెద్దలూ వచ్చి కూర్చున్నారు. బీపీ వేలు ట్రాన్సోషన్ మీద, ట్రాన్సోషన్ వేలు బీపీ మీద, సిమెంటు మీద, హాలిబర్టన్ వేలు వాళ్లు చెప్పిన కొలతకే మేం వేశాం అన్నవైపు. మా అపార్టుమెంటులో మూడో అంతస్తు బాత్రూం నీళ్లు రెండో అంతస్తు వంటింట్లో కారినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది, ప్లంబరు సహా. ఒబామాగారికి మాత్రం అది వింతగా తోచి కోప్పడ్డారు. పాపం, ఆయన ఎప్పుడూ కలకత్తా ఫ్లాట్ కమిటీ మీటింగుకి రాలేదు.

అంతకన్నా సొగసైన పని ట్రాన్సోషన్ చేసింది. 1851 నాటి ఒక అమెరికా చట్టం ఉంది. ఓడ మునిగాక ఏం మిగిలిందో అంతవరకే యజమాని పూచీ అని దాని సారం. దాన్ని పట్టుకుని మా బాధ్యతను 2 కోట్ల 67 లక్షల డాలర్లకు పరిమితం చేయండి అని కోర్టుకెళ్లింది. ఇదే చట్టంతో వెనకటికి టైటానిక్ యజమానులు వెళ్లారు. పదిహేను వందల ప్రాణాల ముందు వాళ్లు పెట్టిన లెక్క, మిగిలిన లైఫ్‌బోట్ల ఖరీదూ వసూలైన చార్జీలూ కలిపి లక్ష డాలర్ల లోపే. అంటే ఓడ ఎంత చక్కగా మునిగితే యజమానికి అంత చవక. ఇప్పటి అంతర్జాతీయ ఒప్పందాలు అంత పచ్చిగా ఉండవు. ఓడ పరిమాణం చూసి పూచీకి పైకప్పు కడతాయి. చిందినది ఎంత అని కాదు, చిందించినది ఎంత పెద్దది అని. 2025 మే 25న కొచ్చి దగ్గర మునిగిన 'ఎంఎస్‌సీ ఎల్సా 3' మీద కేరళ ప్రభుత్వం 9,531 కోట్ల రూపాయలు అడిగింది. ఓడ జెండా లైబీరియాది, కెప్టెన్ రష్యన్, సిబ్బందిలో ఎక్కువమంది ఫిలిప్పీన్స్ వాళ్లు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ గుళికలు మాత్రం చక్కగా మలయాళీ ఇసకలో కలిసిపోయాయి.

మనవాళ్లకి ఇదంతా దూరపు కొండ అనుకోవద్దు. కోనసీమ మనిషిని అడగండి. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి ఎగదన్ని 65 రోజులు మండింది. ఎన్నూరు దగ్గర 2017 జనవరిలో రెండు ఓడలు గుద్దుకుంటే మొదట రేవు వాళ్లు కాలుష్యమేమీ లేదన్నారు. తర్వాత ఆ లేని దాన్ని వందలమంది బకెట్లతో ఎత్తారు. చంద్రుడి మీదికి యంత్రం పంపిన దేశం, ప్లాస్టిక్ బకెట్టు. శేలా నదిలో అన్నం గిన్నె కంటే అదొక మెట్టు పైనే అని ఒప్పుకోవాలి.

అన్నట్టు, నేరం చేసిన ఓడకు శిక్ష పడిన సందర్భం ఒకటుంది. 1989 మార్చి 24న అలాస్కాలో రాతి దిబ్బనెక్కి కోటికి పైగా గాలన్లు వదిలిన 'ఎక్సాన్ వాల్డెజ్'. జ్యూరీ 500 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. అది పై కోర్టుల మెట్లెక్కుతూ ఎక్కుతూ చిక్కి, 2008లో సుప్రీంకోర్టు దగ్గర సుమారు 50 కోట్లకు దిగింది. ఈలోగా కేసు వేసిన జాలర్లలో కొందరు కాలం చేశారు. శిక్ష పడింది మాత్రం ఓడకే. మళ్లీ ఆ నీళ్లలో కాలు పెట్టకూడదని ఏకంగా చట్టం చేశారు. కంపెనీ ఏం చేసింది? పేరు మార్చింది. 'ఎక్సాన్ మెడిటరేనియన్', తర్వాత 'సీరివర్ మెడిటరేనియన్', చేతులు మారాక 'డాంగ్ ఫాంగ్ ఓషన్', చివరికి 'ఓరియంటల్ నైసిటీ'. పెళ్లి సంబంధం చెడిన ఇంట్లో కూడా పిల్లకి ఇన్నిసార్లు పేరు మార్చరు. అన్ని పేర్లూ మోసి మోసి, 2012లో ఎక్కడికొచ్చి చచ్చిందనుకున్నారు? మన గుజరాత్, అలంగ్ ఒడ్డుకి. మన సుప్రీంకోర్టు అనుమతితో, మనవాళ్ల చేతుల్లో, గ్యాస్ కట్టర్ల కింద, ముక్కలుగా. అలాస్కాకు చేసిన పాపానికి అస్థినిమజ్జనం మన దేశంలో.

శేలా నది కేసులో అటవీశాఖ ఓడల యజమానుల మీద 100 కోట్ల టాకాలకు దావా వేసింది. నెల తిరక్కుండా 2015 జనవరిలో నదిలో మళ్లీ ఓడలు తిరిగాయి. తర్వాతి ఏళ్లలో అదే అడవి నదుల్లో బొగ్గు ఓడలూ ఎరువు ఓడలూ మునిగాయి. ఇటు మన హుగ్లీలో బూడిద పడవలు పల్టీలు కొడుతూ ఉంటాయి, థర్మల్ కేంద్రాల బూడిద మోస్తూ బంగ్లాదేశ్ పోయేవి. మా టీ కొట్టు పెద్దాయన ఉండి ఉంటే లెక్క తేల్చేవాడు. బొగ్గుగా ఉన్నప్పుడు గనిది, కాలేటప్పుడు కరెంటు కంపెనీది, బూడిద పడవవాడిది, మునిగాక గంగమ్మది.

మొన్న ఆదివారం మళ్లీ వెళ్లాను. ఇలిశ కిలో ధర విని రెండడుగులు వెనక్కి వేసి, శీలావతి వైపు చూస్తే అది నా వైపు చూసింది. చేపలాయనకి నా సంగతి తెలుసు. పెద్ద ఇలిశ ఒకటి తీసి, పొట్ట నొక్కి, బొటనవేలు నా ముక్కు దాకా తెచ్చాడు.

"చూడండి కాకూ, తేల్ చూడండి."

మెరుస్తోంది. "ఎక్కడి చేప?" అన్నాను.

"డైమండ్ హార్బర్," అన్నాడు ఠకీమని.

"నూనె కూడా అక్కడిదేనా?"

ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. వేలు గోనెసంచికి తుడుచుకుని, పక్కనున్న ఆవిడ వైపు తిరిగాడు. "బోలూన్ దీదీ, ఎంత ఇవ్వమంటారు?"