సీజర్ గారి బడి బెంగ

బడులు తెరిచే జూన్ 12 దగ్గర పడింది. పిల్లల సంగతి తర్వాత, మీ కుక్కను సిద్ధం చేశారా లేదా? చేయకపోతే హనుమకొండలో తలెత్తుకు తిరగలేరు. మా కాలనీ గ్రూపులో ఈ వారమంతా ఇదే గోల. పిల్లలు బడికి పోగానే కుక్క బెంగ పెట్టుకుంటుందట, తలుపులు గీరుతుందట, కాబట్టి రెండు వారాల ముందు నుంచే దానికి కొత్త టైంటేబుల్ అలవాటు చేయాలట. పెట్ క్లినిక్ వాళ్లు పంపిన సలహాల చిట్టా నేను టెన్త్‌లో చదివిన సోషల్ సిలబస్ కంటే పొడుగ్గా ఉంది.

మా పక్కింటి సీజర్ గారు ఈ శిక్షణలో చేరారు. వారు లాబ్రడార్ వంశస్థులు. శిక్షణ వారికి, నిద్ర చెడేది మాకు.

ఇందులో ముఖ్యమైన అంకం ఉత్తుత్తి ప్రయాణం. తాళంచెవుల చప్పుడు, బూట్లు, భుజాన బ్యాగు, వీటిని చూసి ఇంట్లోవాళ్లు వెళ్లిపోతున్నారని కుక్క పసిగడుతుంది కదా. ఆ గుర్తులకు విలువ లేకుండా చేయాలి. అందుకని తాళాలు తీసుకోవాలి, బూట్లు వేసుకోవాలి, బ్యాగు తగిలించుకోవాలి, ఎక్కడికీ పోకుండా సోఫాలో కూర్చోవాలి. కుక్క ఇక పట్టించుకోవడం మానేశాక గడప దాటి పది సెకన్లలో తిరిగి రావాలి. తర్వాత అర నిమిషం, ఆ తర్వాత రెండు నిమిషాలు. పోయేటప్పుడు బై చెప్పకూడదు, వచ్చాక ముద్దు చేయకూడదు. అసలు మనం పోయినట్టే ఉండకూడదు.

ఇదంతా పొద్దున ఆరున్నరకు. గేటు తెరుచుకుంటుంది, స్కూటీ స్టార్ట్ అవుతుంది, ఆగిపోతుంది, గేటు మూసుకుంటుంది. మళ్లీ గేటు, మళ్లీ స్కూటీ. పాలబ్బాయి ఆగి చూసి, ఎందుకొచ్చిన గొడవని పోయాడు. పై వాటాలో ఉండే ముసలమ్మ మాత్రం ఊరుకోలేక కిందికి వంగి అడిగింది: "ఎవలికన్న పాణం బాగలేదా బిడ్డా? దవఖానకు పోతున్రా, మానుకున్రా?"

నిరుటి యూనిఫాం పొట్టిదైపోయినా అదే వేసుకున్న ఆ ఇంటి ఐదో తరగతి పిల్లవాడు ఈ నాటకంలో పాత్రధారి. ఒకరోజు వాడు వీపున బ్యాగుతోనే సోఫాలో పక్కకు ఒరిగి నిద్రపోయాడు. నోరు తెరుచుకుని ఉంది, ఒక కాలికే బూటు. తండ్రి తట్టి లేపాడు. "లే రా, నువ్వు పండుకుంటే సీజర్ కన్‌ఫ్యూజ్ అయితడు." సీజర్ గారు ఆ సమయానికి ఫ్యాను కింద వెల్లకిలా పడుకుని ఉన్నారు.

ఇంకా ఉన్నాయి. పిల్లవాడు విప్పిన బనీను ఉతక్కుండా కుక్క పక్క మీద వేయాలి. రబ్బరు బొమ్మలో పెరుగు కూరి గడ్డకట్టించి ఇవ్వాలి. టీవీ పెట్టి పోవాలి. అమెరికాలో అయితే కుక్కల కోసమే ఒక చానెల్ ఉంది, మన సీజర్‌కు సీరియళ్లే గతి.

నన్ను కుక్కల శత్రువనుకోకండి. బెంగ నిజమే, కొద్దికొద్దిగా అలవాటు చేయాలన్నదీ నిజమే. నాకు ఒళ్లు మండింది వేరేచోట. అదే ఇంటి పెద్దమ్మాయి ఈ యేడు టెన్త్ పాసైంది. ఆమెను భీమారంలో హాస్టల్లో దింపి వచ్చారు. పది సెకన్లు, అర నిమిషం లెక్కలేమీ లేవు. ట్రంకు పెట్టె దించారు, సంతకం పెట్టారు, వచ్చేశారు. నెల దాకా చూడ్డానికి రావద్దని, ఫోను ఆదివారమేనని వార్డెన్ చెప్పాడట. తల్లి కళ్లు తుడుచుకుంటుంటే ఆ తండ్రే అన్నాడు: "నాల్గు రోజులు ఏడుస్తది, అదే అలవాటైతది."

కుక్కకు ఆ మాట ఎందుకు చెప్పరు? దాని కోసం క్లినిక్ చిట్టాలో ఉన్నవి ఇవీ: నాలుగు గంటలకు మించి ఒంటరిగా ఉంచొద్దు, అరిచినా తిట్టొద్దు, రోజూ ఆడించండి, నిద్ర చెడగొట్టొద్దు. ఈ నాలుగు వాక్యాలూ చింపి నయీంనగర్ నుంచి భీమారం దాకా ఉన్న హాస్టళ్ల గోడలకు అంటించండి చూద్దాం. తెల్లవారకముందే లేపి, రాత్రి పది దాటినా స్టడీ అవర్ పేరుతో కూర్చోబెట్టి, పదహారేళ్ల పిల్ల బెంగతో తిండి మానేస్తే దాన్ని నాటకమంటారు. లాబ్రడార్ తిండి మానేస్తే మాత్రం డాక్టరు కావాలి. సిగ్గుండాలి!

బ్యాగు సంగతీ అంతే. ఒకటి, రెండు తరగతుల పిల్లల బ్యాగు కిలోన్నర దాటకూడదని, పదో తరగతికైనా ఐదు కిలోలే హద్దని 2017లో మన తెలంగాణ ప్రభుత్వమే ఉత్తర్వు ఇచ్చింది. ఏ బడి గేటు దగ్గరైనా తూకం కనిపించిందా? సీజర్ గారి బరువు మాత్రం క్లినిక్‌లో ప్రతి నెలా చూస్తారు.

బడి తెరిచే ముందు కుక్కలతో చేయాల్సిన పని నిజంగానే ఒకటుంది. అది సోఫాలో కూర్చుని చేసేది కాదు. 2023 మేలో, ఇలాంటి వేసవి సెలవుల్లోనే, కాజీపేట రైల్వే క్వార్టర్స్ దగ్గర వీధికుక్కలు ఎనిమిదేళ్ల పిల్లవాణ్ని చంపేశాయి. బతుకుదెరువుకు ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కుటుంబం వాళ్లది. బడుల ఆవరణల్లోంచి వీధికుక్కలను తీసేసి, ఆపరేషన్లు చేసి, టీకాలు వేసి షెల్టర్లలో ఉంచాలని, మళ్లీ అక్కడే వదలొద్దని 2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు చెప్పింది. మా వీధి చివరి సర్కారు బడికి ప్రహరీ ఒక పక్క కూలిపోయే ఉంది. సెలవుల్లో ఆ వరండాలో పిల్లల్ని పెట్టిన కుక్క ఇప్పుడు అటు పోయే ప్రతివాడి మీదికీ దూకుతోంది. దానికి ఏ క్లినిక్ టైంటేబుల్ వేస్తుంది?

కరిపించుకున్న పిల్లవాడికి మాత్రం టైంటేబుల్ సిద్ధంగా ఉంది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో రేబిస్ టీకాకు కరిచిన రోజు ఒకసారి, తర్వాత మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. కూలికి పోవాల్సిన అమ్మ పని మానుకుని లైన్లో నిలబడాలి. బడి రిజిస్టర్‌లో ఆ రోజులన్నీ ఆబ్సెంటే.