పేరు రాస్తే పట్టుబడతాం

హైదరాబాద్ పారిశ్రామికవాడలు బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి గల్లీల్లో సహకార స్ఫూర్తి చచ్చిపోయిందని ఎవరన్నారు? నలుగురు వర్క్‌షాపు యజమానులు ఒకే టాటా ఏస్ మాట్లాడుకుంటారు. నలుగురి సరుకూ ఒకే ట్రిప్పులో ప్లేటింగుకు పోతుంది, ఒకే ట్రిప్పులో తిరిగొస్తుంది. కిరాయి నాలుగు వాటాలు. ఇంతవరకూ శభాష్ అనాల్సిందే. అయితే మనవాళ్ల ఔదార్యం కిరాయితో ఆగదు. బండితోపాటు గోనెసంచినీ పంచుకుంటారు. ఒకరి బుష్‌లు, ఒకరి పిన్నులు, ఒకరి స్పేసర్లు ఒకే సంచిలో కులమత భేదాల్లేకుండా కలిసిమెలిసి ప్రయాణిస్తాయి. తిరిగొచ్చాక ఏవి ఎవరివో పోల్చుకోవడం దేవుడి పని.

చట్టం మాత్రం మరీ చాదస్తంగా ఉంటుంది. జాబ్ వర్క్‌కు సరుకు పంపేటప్పుడు డెలివరీ చలాన్ మూడు ప్రతుల్లో రాయాలట. వస్తువు వివరం, హెచ్‌ఎస్‌ఎన్ కోడ్, పరిమాణం అన్నీ అందులో ఉండాలట. మనవాళ్లు చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తారు. మూడు ప్రతులూ రాస్తారు. మూడింటిలోనూ ‘మిషన్ పార్టులు, 1 సంచి’ అని ముత్యాల్లాంటి అక్షరాలుంటాయి. జీఎస్టీ వాళ్లకు కోడ్ దొరుకుతుంది, డ్రైవరుకు సంతకం దొరుకుతుంది. అవతల సంచి విప్పేవాడికి మాత్రం ఏమీ దొరకదు.

సరుకుకు పేరు రాసిన చీటీ ఎందుకు కట్టలేదని అడిగి చూడండి. ముప్పై ఏళ్ల అనుభవం ఒక్కసారిగా ఒళ్లు విరుచుకుంటుంది. ‘చూస్తే తెల్వదా అన్నా! నేను చెయ్యిపెట్టి చెప్తా’ అంటారు. మహానుభావుల కళ్లు! 304, 316 స్టెయిన్‌లెస్ స్టీళ్లు రెండూ ఒకేలా మెరుస్తాయి, మామూలుగా అయస్కాంతానికి రెండూ లొంగవు. ఉప్పునీళ్లను తట్టుకునే మాలిబ్డినం రెండోదాంట్లోనే ఉంటుంది, అదేమో కంటికి కనిపించదు. అర అంగుళం విట్‌వర్త్ బోల్టుకు అంగుళానికి 12 మరలు, అదే లావున్న యూఎన్‌సీ బోల్టుకు 13. నట్టు రెంటికీ మొదలవుతుంది, లోపలికి పోయాక ఒకదానికి పట్టేస్తుంది. ఈఎన్-8, ఈఎన్-24 లేత్ మీంచి దిగాక కవల పిల్లల్లా ఉంటాయి. హీట్ ట్రీట్‌మెంట్‌కు పోయాక ఈఎన్-8ను నీళ్లలో ముంచినా నడుస్తుంది, ఈఎన్-24ను నూనెలోనే ముంచాలి. పొరపాటున దాన్నీ నీళ్లలో ముంచితే పగుళ్లిచ్చి తన పేరు తనే చెప్పుకుంటుంది. చీటీ లేని లోటు అలా తీరుతుంది.

ప్లేటింగు షాపులో సహజీవనం ఇంకా ముచ్చటగా ఉంటుంది. బాగా గట్టిపరచిన పిన్నులూ మామూలు పిన్నులూ ఒకే బ్యారెల్లో గిరగిరా తిరిగి జింకు పూసుకుంటాయి. పనిలోపనిగా గట్టి పిన్నులోకి హైడ్రోజన్ చొరబడుతుంది. పూత అయిన కొన్ని గంటల్లోనే దాన్ని 200 డిగ్రీల దరిదాపుల్లో ఓవెన్లో ఉంచి ఆ హైడ్రోజన్‌ను వెళ్లగొట్టాలి. మామూలు పిన్నుకు ఆ సేవ అక్కర్లేదు. ఏది ఏదో తెలియకపోతే ప్లేటింగు మేస్త్రీ ఏం చేస్తాడు? కరెంటు బిల్లు తలుచుకుని దేన్నీ ఓవెన్లో పెట్టడు. రెండూ తళతళలాడుతూ ఇన్‌స్పెక్షన్ దాటేస్తాయి. కొన్నాళ్లకు బరువు మోస్తూ మోస్తూ గట్టి పిన్ను హఠాత్తుగా పుటుక్కుమంటుంది. అప్పుడు అందరూ కలిసి ఉక్కును తిడతారు.

చూపు మీద నమ్మకం మన గల్లీలకే పరిమితం అనుకోనక్కర్లేదు. 1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి మాలగా బయల్దేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానంలో, 17 వేల అడుగుల ఎత్తున, కాక్‌పిట్ అద్దం ఊడి ఎగిరిపోయింది. కెప్టెన్ నడుందాకా బయటికి పీల్చుకుపోయాడు. సిబ్బంది ఆయన్ని పట్టుకుని వేలాడుతుంటే కో-పైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దించాడు. కెప్టెన్ బతికాడు. ఆ అద్దానికి బిగించిన 90 బోల్టుల్లో 84 బోల్టులు ఉండాల్సినదానికంటే దాదాపు 0.66 మిల్లీమీటర్లు సన్నం. బిగించిన మేనేజరుకు స్టోర్‌లో సరైన నంబరు చెప్పారు. ఆయన నంబరును కాదని పాత బోల్టును చేతబట్టుకుని, చాలీచాలని వెలుతురులో, మనిషి కాపలా లేని డబ్బాల్లోంచి దానికి జోడీ ఏరుకున్నాడు. ఆయనకూ అనుభవం దండిగానే ఉంది.

మరి ఇన్ని తెలిసీ చీటీ ఎందుకు కట్టరు? బద్ధకమని మీరనుకుంటారు. కాగితానికి, పెన్నుకు డబ్బుల్లేవని వాళ్లంటారు. రెండూ అబద్ధాలే. చీటీ అంటే సంతకం. పార్ట్ నంబరు, డ్రాయింగ్ రివిజన్, హీట్ నంబరు, ఎన్ని పీసులు, ఎవరివి అని రాసి కట్టామా, రేపు తేడా వస్తే తిన్నగా మన గుమ్మంలోకే వస్తారు. రాయకుండా కలిపేశామా, తప్పుకు తల్లీదండ్రీ ఉండరు. ఇక తేడా వచ్చిన రోజు మీటింగు చూడాలి. టర్నింగు వాడు ‘మా దగ్గర లెక్క కరెక్టే సార్’ అంటాడు. ప్లేటింగు వాడు ‘వచ్చిందే అట్ల వచ్చింది’ అంటాడు. డ్రైవరు తను సంచిని మోశాడే తప్ప విప్పలేదంటాడు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం.

ఈ నాటకంలో పని ఇచ్చే పెద్ద కంపెనీ వారిది ప్రేక్షక పాత్ర కాదు, పెట్టుబడిదారు పాత్ర. వారి స్టోర్స్ గోడ మీద 5ఎస్ పోస్టరు నిలువెత్తున ఉంటుంది. మొదటి ఎస్ అంటే ఏరి వేరుచేయడమే. సరిగ్గా దాని కిందే రీవర్కుకు పంపాల్సిన సరుకు పేరూ ఊరూ లేకుండా పోగుపడి ఉంటుంది. పీసుకు పావలా తగ్గించమని మూడుసార్లు ఫోన్ చేసే పర్చేజ్ ఆఫీసరు, ఆ పావలాలోనే చీటీ ఖర్చు పోయిందని ఒప్పుకోడు. చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలన్న చట్టం ఆయనకు గుర్తుండదు గానీ, ట్రేసబిలిటీ అనే మాట మాత్రం నిద్రలోనూ పలుకుతాడు.

చివరికి ఈ సమైక్యతనంతా విడదీసే భారం ఐటీఐ పాసై కొత్తగా చేరిన కుర్రాడి మీద పడుతుంది. రాత్రి ఎనిమిదింటికి నేల మీద సంచి బోర్లిస్తారు. చేతికి వెర్నియర్ ఇస్తారు. ‘తమ్మీ, జర ఏరిపెట్టు, పొద్దుగాల డిస్పాచ్ ఉంది’ అంటారు. లావులో కొద్దిపాటి తేడాను వాడు ఏరగలడు. లోహం తేడాను, హీట్ నంబరు తేడాను ఏ వెర్నియరూ చూపించదు. కాబట్టి వాడు ఊహిస్తాడు. వాడి ఊహ మీద సర్టిఫికెట్ ప్రింటవుతుంది, స్టాంపు పడుతుంది, సరుకు గేటు దాటుతుంది.

మందు ఏమిటో అందరికీ తెలుసు. ఎవరి సరుకు వారి ట్రేలో ఉండాలి, పంపేటప్పుడూ దింపుకునేటప్పుడూ లెక్కపెట్టాలి. యాసిడ్ తొట్టిలో కాగితం కరిగిపోతుంది గనుక అక్షరాలు గుద్దిన రేకు బిళ్లను తీగతో కట్టాలి. తెలిసినంత మాత్రాన ఎవరూ కట్టరు. అందుకని దింపుకునేవాళ్లకు ఒక్క సలహా. పేరులేని సంచిని బండి మీంచి దింపుకోకండి. వచ్చిన బండిలోనే తిప్పి పంపండి, రానూపోనూ కిరాయి మొత్తం పంపినవాడి ఖాతాలో రాయండి. నాణ్యత వారోత్సవాల్లో ఎన్ని ప్రతిజ్ఞలు చేయించినా కదలని చెయ్యి, ఆ బిల్లు చూడగానే మార్కర్ పెన్ను కోసం జేబులన్నీ తడుముకుంటుంది.