నాన్న వాచీ చేసిన డ్యూటీ

మాది తెనాలి. ఉద్యోగం హైదరాబాదు కంపెనీలో, చేసేది మా వెనక గదిలో. ఆఫీసువాళ్లిచ్చిన లాప్‌టాప్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కాపురముంటోంది. పది నిమిషాలకోసారి స్క్రీన్ ఫొటో తీస్తుంది. కీబోర్డు ఎన్నిసార్లు నొక్కానో, మౌస్ ఎంత కదిలిందో లెక్కగడుతుంది. కాసేపు చెయ్యి ఆడకపోతే ‘ఐడిల్’ అని ఎర్రగా రాస్తుంది. మా అమ్మా నన్ను చిన్నప్పట్నుంచీ అదే అంటోంది గానీ, జీతం కొయ్యలేదు.

నాన్న రేపల్లెలో గుమాస్తాగా చేశారు. పదిన్నర దాటి పది నిమిషాలైతే సూపరింటెండెంటు హాజరుపట్టీలో ఎర్రసిరా గీత గీసేవాడట. మూడు గీతలకి ఒక సీఎల్ గోవిందా. తెనాలి నుంచి వెళ్లే ప్యాసింజరు వేమూరులోనో భట్టిప్రోలులోనో ఆగి ఆలోచనలో పడితే, శిక్ష నాన్నకి. “అయినా గీసేది మనిషి కదరా! కాఫీ తాగిస్తే పెన్నులో సిరా అయిపోయేది” అంటారు.

అక్క ఆ రేపల్లె దగ్గరే టీచరు. 2022 ఆగస్టు 16 నుంచి టీచర్లకి ఫోన్లో ముఖం చూపించే హాజరు వచ్చింది. 2023 జనవరి 1 నుంచి మిగతా సర్కారు ఉద్యోగులకీ అదే. పొద్దున్నే తొమ్మిదికల్లా ముఖం సిద్ధంగానే ఉంటుంది, సిగ్నలే ఉండదు. అక్క మునగచెట్టు కింద ఫోనెత్తి తిరుగుతుంటే, సెల్ఫీ అనుకుని పిల్లలు వెనక చేరి పళ్లికిలిస్తారు.

మొన్న ఒక లెక్క తేడా వచ్చింది. పెన్సిలూ కాగితమూ పట్టుకుని రెండు గంటలు తల బద్దలుకొట్టుకుని తప్పు పట్టాను. ఆ రెండు గంటలకీ నా పనితనం పదకొండు శాతం!

బాపట్ల బావకి మొరపెట్టుకున్నాను. “మీరు తినే సాంబమసూరి మా బాపట్లలో పుట్టిందే, బీపీటీ 5204. 1986లో విడుదలైంది. దానికోసం ఏళ్ల తరబడి గట్టుమీద నిలబడి కంకులు చూసినవాళ్లని నీ సాఫ్ట్‌వేర్ ఏమంటుంది?” అన్నాడు. ఐడిలే అంటుంది. దాని మాట వినుంటే మనం ఇంకా రేషను బియ్యమే తింటూ ఉండేవాళ్లం.

ఊరి పేరు నిలబెట్టాలి కదా! మా తెనాలి రామకృష్ణుడు పాలు చూస్తే పారిపోయే పిల్లిని పెంచాడు. నేను మౌస్‌కి మేత వేశాను. నాన్న పాత హెచ్‌ఎంటీ వాచీ బల్లమీద పెట్టి, దానిమీద మౌస్ కూర్చోబెట్టాను. కింద సెకన్ల ముల్లు తిరిగినప్పుడల్లా స్క్రీన్ మీద బాణం ఉలిక్కిపడుతోంది. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు 2024లో ఇలాంటి ఉత్తుత్తి పనికే డజనుమందికి పైగా ఇంటికి పంపింది. గుర్తొచ్చి కాస్త భయపడ్డాను. భయపడుతూనే నిద్రపోయాను.

తొంభైనాలుగు శాతం! మేనేజరు ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నాడు. ఫొటోలన్నిట్లో ఒకే పేజీ ఉంది, చూసే తీరిక లేనట్టుంది. పాపం, ఆయన్నీ ఏదో కొలుస్తూ ఉండాలి.

నాన్న పేపరు దించారు. “ముప్పయ్యేళ్లు ఆ వాచీ కట్టుకుని చాకిరీ చేస్తే నన్నొక్కడూ మెచ్చుకోలేదు. సరేగానీ, రోజూ దానికి కీ ఇస్తున్నదెవరనుకున్నావురా?”