బర్రె మీద బొమ్మ

మా మేనల్లుడు కోటప్పకొండ తిరునాళ్లకని 2024 మార్చిలో డాలస్ నుంచి క్రోసూరు వచ్చాడు. వస్తూ రెండు పెట్టెలు తెచ్చాడు. అమెరికా పెట్టెల్లో నొప్పులకు పూసుకునే మందు ఉంటుందని మా అమ్మ నమ్మకం. వాటి చుట్టూ రెండుసార్లు తిరిగి, "మోకాలికేమన్నా తెచ్చావా నాయనా?" అంది.

"ఇవి కళ్లకమ్మమ్మా."

"నాకు శుక్లాలు ఎప్పుడో తీసేశారు గదరా!"

మొదటి పెట్టెలోది క్వెస్ట్ 3 అనే తలతొడుగు. 515 గ్రాములు. అరకిలో వంకాయలు మొహానికి కట్టుకున్నట్టు ఉంటుంది. పెట్టుకుంటే మన లోకం మూతపడి ఇంకో లోకం తెరుచుకుంటుంది. అది వర్చువల్ రియాలిటీ, వీఆర్. రెండోది చూడ్డానికి చలవ కళ్లద్దాలే. వంద గ్రాములు కూడా తూగదు. తోకలాంటి వైరు ఒకటి ఉంటుంది, దాన్ని ఫోనుకు గుచ్చాలి. మన లోకం ఎక్కడికీ పోదు, దాని మీదే ఒక తెర తేలుతుంది. అది ఆగ్మెంటెడ్ రియాలిటీ, ఏఆర్. రెండూ వాడి చూసి ఏది మేలో తేల్చే పని నాకు పడింది. ఆ ఇంట్లో పనిలేనివాణ్ని నేనొక్కణ్నే.

వీఆర్‌లో నిలబడి ఆడాలంటే ఆరున్నర అడుగుల పొడవు, ఆరున్నర అడుగుల వెడల్పు ఖాళీ జాగా కావాలట. మార్చి నెలలో మా ఇంట్లో ఆ మాట అనకూడదు. వాకిట్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, వసారాలో టిక్కీలు పేర్చి ఉన్నాయి, నడవాలో తాలుకాయలు ఏరే ఇద్దరు కూలీలు, వాళ్ల సద్ది గిన్నెలు. కళ్లంలో పెట్టుకుందామంటే మా మేనల్లుడు ఒప్పుకోడు. లోపలి అద్దాల్లోకి ఎండ దూరితే, భూతద్దంతో కాగితం కాల్చినట్టు తెర కాలిపోతుందట. చివరికి పడగ్గదిలో మంచం నిలబెట్టి జాగా చేశారు. వాడు చేతి మీటతో నేల మీద హద్దు గీశాడు. ఆ గీత దాటబోతే కళ్లముందు వల లాంటి గోడ లేస్తుంది. క్రోసూరులో హద్దు గీసినచోటల్లా తగాదా పుడుతుందని నాకు తెలుసు. ఈసారి నాకూ బీరువాకూ పుట్టింది.

దాంతో నన్ను కుర్చీలో కూలేసి రోలర్ కోస్టర్ పెట్టాడు. బండి పైకెక్కి కిందికి దూకింది. పడిపోతున్నావని కళ్లు చెబుతాయి, కుర్చీలోనే ఉన్నావని లోచెవి చెబుతుంది. ఈ రెండు సాక్ష్యాల మధ్య తీర్పు చెప్పలేక మెదడు కేసును కడుపుకు బదిలీ చేస్తుంది. నేను తూలుతుంటే అమ్మ పరుగున వచ్చి పట్టీ బిగించింది. పొద్దుట్నుంచి మిరపకాయలు ఏరిన చేతులవి. మొహానికి ఆనే మెత్తకు ఆ ఘాటు అంటింది. బండి మంచుకొండల్లో పోతోంది, నా కళ్లు పొయ్యిలో ఉన్నాయి. వీఆర్‌లో వాసన, రుచి ఇంకా రాలేదంటారు. మా ఇంట్లో వచ్చేశాయి. తొడుక్కుని తుమ్మడమనే అనుభవం మాత్రం పగవాడిక్కూడా వద్దు.

"మాయాబజార్‌లో ప్రియదర్శిని లాంటిదా ఇది?" అని అమ్మ అడిగింది. 1957లో వచ్చిన ఆ సినిమాలో పెట్టె తెరిస్తే ఎవరికి ఇష్టమైనది వాళ్లకు కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు కనబడలేదూ? "ఇందులో మనం కొనుక్కున్నవే కనబడతాయమ్మా" అన్నాను కళ్లు కడుక్కుంటూ.

క్వెస్ట్‌లో ఇంకో విద్య కూడా ఉంది. ముందున్న కెమెరాలతో మన గదినే లోపల చూపించి, అందులోకి బొమ్మల్ని వదులుతుంది. అమ్మకు పెట్టాం. గోడ బద్దలై, ఆ కంతలోంచి బొచ్చు జీవులు గదిలోకి దూకాయి. కంత అవతల ఇంకేదో గ్రహం. అసలు అక్కడ ఉండాల్సింది పక్కింటివాళ్ల పశువుల పాక. "సంక్రాంతికేగా సున్నం కొట్టించాను!" అని అమ్మ లబోదిబోమంది. తీసేశాక గోడను తడిమి చూసుకుంది.

అసలు ఈ తొడుగుల్లో పెద్దవాడు ఏఆరే. 1968లో ఐవాన్ సదర్లాండ్ తయారుచేసిన తలతొడుగులో గీతల బొమ్మలతోపాటు ఎదురుగా ఉన్న గదీ కనిపించేది. దాన్ని పైకప్పు నుంచి దిగేసిన కడ్డీకి తగిలించారు. మన ఉట్టి లాగే, కాకపోతే కింద పెరుగుకుండకు బదులు మనిషి తల. తర్వాత సత్య నాదెళ్ల హయాంలో మైక్రోసాఫ్ట్ హోలోలెన్స్ తెచ్చింది. 2016లో మూడు వేల డాలర్లు. 2024 ఫిబ్రవరిలో ఆపిల్ విజన్ ప్రో వచ్చింది, 3,499 డాలర్లు. బ్యాటరీ జేబులో పెట్టుకోవాలి. అది ఎన్ని రూపాయలో లెక్క కట్టి అమ్మకు చెబితే, "ఆ డబ్బుతో మూడు బర్రెలొస్తాయి" అంది.

బర్రె అంటే గుర్తొచ్చింది. కళ్లద్దాల ఏఆర్‌లో సినిమా పెట్టుకుని వాకిట్లోకి వస్తే ఎండకు బొమ్మ వెలవెలబోయింది. కారణం చిన్నదే. ఆ అద్దం బయటి వెలుగుకు తన వెలుగును కలపగలదు గానీ, ఉన్న వెలుగును తుడిచెయ్యలేదు. అందుకే దానికి నలుపు చూపించడం రాదు, నల్లగా ఉండాల్సినచోట వెనకున్నది కనబడుతుంది. ఎర్రటి మిరపకాయల మీద హీరో ఎర్రబడ్డాడు, సున్నం గోడ మీద అంతర్ధానమయ్యాడు. తలతిప్పి చూద్దును గదా, కొట్టం నీడలో మా బర్రె అడ్డంగా నిలబడి ఉంది. దాని డొక్క మీద బొమ్మ ధగధగలాడింది! పల్నాడులో ఇంత నాణ్యమైన తెర ఇంకోటి లేదు. అది నెమరేస్తుంటే హీరోయిన్ దవడ కదులుతున్నట్టుండటం ఒక్కటే లోపం.

అమ్మ ఒక పూట పెద్దదీ ఒక పూట చిన్నదీ పెట్టుకుని తేల్చేసింది: "పెద్దదాంట్లో మన ఇల్లు టీవీలో ఉంది. చిన్నదాంట్లో టీవీ మన ఇంట్లో ఉంది. ఇదే నయం, కాయల మీదికి కోడి వస్తే కనబడుద్ది." ప్రపంచంలో ఎవరూ ఈ పరీక్ష పెట్టి ఉండరు. నాకు మాత్రం అంతకన్నా మంచి పరీక్ష తట్టలేదు.

మర్నాడు సాయంత్రం కళ్లంలో అమ్మ కనబడలేదు. కాయలు అట్టాగే ఉన్నాయి, పట్టా కప్పలేదు. వెతుక్కుంటూ పోతే చెరువు దారిలో బర్రె ముందు నడుస్తోంది. వెనకాలే మా అమ్మ, కళ్లకు చలవ అద్దాలు, కొంగున ఫోను. సీరియల్ సగంలో ఉందట.