ఎరువు తెచ్చుకున్న ఇస్తాంబుల్

హైదరాబాదు పాతబస్తీకి మళ్ళీ మంచిరోజులట. ఒక ముఖ్యమంత్రి దాన్ని ఇస్తాంబుల్ చేస్తానన్నారు. ఆయన దిగిపోయాక మూసీ నదిని ముస్తాబు చేసే వంతు వచ్చింది. 2024 అక్టోబరులో మంత్రులూ అధికారులూ విలేకరులూ సియోల్ వెళ్ళి అక్కడి కాలువ చూసొచ్చారు. నడుమ థేమ్స్ పేరూ వినబడింది. 1591లో చార్మినార్ లేచిన నాటి నుంచి గాజులో ముత్యాలో అమ్ముకుని బతుకుతున్న పేట, హైదరాబాదులాగే ఉంటే ఏం నామోషీయో ఎవరూ చెప్పరు. ఎరువు సొమ్ము బరువుచేటని సామెత ఉండనే ఉంది.

సరే, ఇస్తాంబులే కానిద్దాం. ఏ ఇస్తాంబుల్? అక్కడ పాత కోటగోడ నీడన సులుకులే అనే పేట ఉండేది. ఆటపాటలతో పొట్టపోసుకునే రోమా జనం తరతరాలుగా అక్కడే ఉన్నారు. 2006లో దాన్ని పునరుద్ధరణ ప్రాంతంగా ప్రకటించారు. 2009 కల్లా దాదాపు అంతా నేలమట్టం. కోటగోడ యునెస్కో జాబితాలో ఉంది. గోడ పక్క మనుషులు ఏ జాబితాలోనూ లేరు. సుమారు 40 కిలోమీటర్ల అవతల అపార్ట్‌మెంట్లు చూపిస్తే, వాయిదాలు కట్టలేక, పని దొరక్క, చాలామంది పాత పేట చుట్టుపక్కల సందుల్లోకే తిరిగొచ్చారు. వాళ్ళ ఇళ్ళున్న చోట కలవారి ఇళ్ళు లేచాయి.

సియోల్ ముచ్చటా అంతే. 2005లో తెరిచిన ఆ కాలువ కంటికి ఇంపైనదే, కాదనను. అందులో నీళ్ళు చాలావరకు హాన్ నది నుంచి మోటార్లతో తోడి పోసేవి. కాలువ కోసం లేపేసిన వీధి వ్యాపారుల్ని ఒక స్టేడియంలోకి తోలారు. నాలుగేళ్ళకు ఆ స్టేడియాన్నీ కూల్చేసరికి వాళ్ళు మళ్ళీ మూటలు కట్టారు. 2014 నాటికి అక్కడ జాహా హదీద్ గీసిన భవనం తళతళలాడింది. ఈ మూటల సంగతి ఎవరైనా అడిగొచ్చారా?

2025 మే 13న ప్రపంచ సుందరి పోటీదారులు చార్మినార్ నుంచి లాడ్‌బజారు దాకా వారసత్వ నడక నడిచారు. సరిగ్గా ఐదు రోజులకు, అక్కడికి కూతవేటు దూరంలో, గుల్జార్ హౌజ్ దగ్గర ఒక ఇల్లు అంటుకుని 17 మంది చనిపోయారు. అందులో 8 మంది పిల్లలు. లోపలికైనా బయటికైనా ఇరుకైన దారి ఒక్కటే. దీని మీద వెటకారం చేయడం నా వల్ల కాదు. కింద దుకాణం, పైన కాపురం ఉన్న ఇళ్ళు ఆ పేటలో కోకొల్లలు. వాటిలో వైరింగు ఎవరు చూశారు? నిప్పు లేస్తే పిల్లల్ని దించడానికి రెండో మెట్లదారి ఏది? ఇల్లు వాళ్ళది, బాధ్యతా వాళ్ళదే అంటారు. వీధి వైపు గోడ ఎలా కనబడాలో చెప్పే అధికారం ఉన్నవాళ్ళకు, లోపల మెట్లు ఎలా ఉండాలో చెప్పే అధికారం లేదా?

పేటను బాగుచేయడం మనకు కొత్త విద్యేమీ కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలమందిని మింగాక ఇంజనీరు విశ్వేశ్వరయ్యను పిలిపించారు. వరద ఆపడానికి 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. భూగర్భ మురుగు కాలువలకూ పథకం వేశారు. 1912లో పెట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డే పత్తర్‌గట్టీ బజారు కట్టింది. వరదా మురుగూ చూసుకున్నాక సోకు. ఆ బోర్డూ ఇళ్ళు కూల్చింది కదా అనొచ్చు. కూల్చింది; ఇరుకు వాడలు ఖాళీ చేయించి, పేదలకు వేరేచోట ఇళ్ళూ కట్టింది. నిజాం ఏలుబడికి హారతి పట్టడం నా ఉద్దేశం కాదు. ఆ పాటి వరస కూడా ఇప్పుడు లేదు.

అయితే చార్మినార్ చుట్టూ నడకదారి వద్దంటారా? ఎందుకొద్దు? బండ్ల పొగ తగ్గితే కట్టడానికీ మంచిదే, మనుషులకూ మంచిదే. కానీ ఆ దారి మీద తోపుడుబండి పెట్టుకున్నవాడూ మనిషే. సర్వే పూర్తిచేసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా వీధి వ్యాపారుల్ని లేపకూడదని 2014 నాటి కేంద్ర చట్టమే చెబుతోంది. కొత్త నమూనా బొమ్మలు తర్వాత చూద్దాం, ముందు ఆ సర్వే కాగితాలు బయట పెట్టండి.