మా మామ గీసే ముక్కులు

జల్‌పల్లిలో మా మేనమామ ఇంటికి పోతే చాయ్ కంటే ముందు కార్టూన్ వస్తుంది. చేతిలో పెట్టి, మన మొహంలోకే చూస్తూ నిలబడతాడు. గుక్క తిప్పుకునేలోగా నవ్వాలి. నవ్వలేదా, జోకు విప్పి చెప్తాడు. ఆ తర్వాత ఎంత నవ్వినా లెక్కలోకి రాదు.

ముప్పై ఏళ్లు వారపత్రికలకు గీశాడు. ఒకప్పుడు ఇండియన్ ఇంకు, తెల్ల కార్డు, తిరుగు స్టాంపులంటించిన కవరు. ఆ కవరు లావుగా తిరిగొచ్చిన రోజు ఇంట్లో ఎవరూ గట్టిగా దగ్గేవాళ్లు కాదు. మనియార్డరు వస్తే మాత్రం దానికి రెండింతలు ఖర్చుపెట్టి అందరికీ బిర్యానీ తినిపించేవాడు.

పెళ్లికెళ్తే వధూవరుల్ని చూడడు, ముక్కులు చూస్తాడు. నా గృహప్రవేశంలో లోనెంత, కిస్తీ ఎంత అని ఎంతో ఆప్యాయంగా అడిగాడు. కళ్లు చెమర్చాయి నాకు. నెల తిరక్కుండా ఒక పత్రికలో బొమ్మ: దేవుడి గూట్లో బ్యాంకు మేనేజరు ఫోటో, దాని ముందు సాగిలపడ్డ బట్టతల.

"నువ్వు కాదురా అల్లుడా! నీకు నాలుగెంట్రుకలున్నయి, నేను మూడే ఏసిన."

ఆయన కార్టూన్లలో ప్రతి పెళ్లాం అప్పడాలకర్ర ఎత్తుతుంది. మా అత్త జన్మలో అప్పడం ఒత్తలేదు. ఆమె గొంతు సవరిస్తే చాలు, ఈయన పెన్నుకు మూత పెట్టేస్తాడు.

బొమ్మ ఆలస్యమైందంటే మాత్రం కార్టూనిస్టు పామర్తి శంకర్‌ని అడ్డం పెడతాడు. "మా నల్గొండోడే! మండేలా బొమ్మకు 2014ల పోర్చుగల్‌ల గ్రాండ్ ప్రీ కొట్టిండు. తొందరపడి గీసిండా?" ఇక మే 20న, తొలి తెలుగు కార్టూనిస్టు తలిశెట్టి రామారావు పుట్టినరోజున, ఇస్త్రీ చొక్కా, మిర్చి బజ్జీలు, గంటసేపు ఉపన్యాసం. బజ్జీలు బాగుంటాయి.

కరోనా తర్వాత వారపత్రికలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఇప్పుడు తెల్లవారుజామున ఐదింటికి ఫ్యామిలీ గ్రూపులో పెడుతున్నాడు. చూసి కూడా నవ్వు బొమ్మ పెట్టనివాళ్ల పేర్లు విడిగా రాసుకుంటాడట.

మొన్న చూస్తే గీత కొంచెం వణికింది. "ఈ శంషాబాద్ ఇమానాలకు బల్ల అదురుతున్నది" అన్నాడు. చెవి రిక్కించాను. ఆకాశంలో ఏమీ లేదు.

"అవును మామా, ఈమధ్య మరీ ఎక్కువైనయి" అన్నాను.

అని, పక్కకు తిరిగి ఆ మాట ఫోనులో రాసుకున్నాను. అత్త చూడనే చూసింది. "నీకూ అదే రోగమా?" అంది.

మామ తలెత్తకుండానే అడిగాడు: "దానికి ఎంతిస్తరంట్రా?"